బొంకుపెట్టె అప్ప

మొన్న గాజువాకలో మా బళ్ళ రిపేరు షెడ్డుకి ఒక సేల్స్‌మన్ వచ్చాడు. మెడలో టై, చెమటకి వీపంతా తడిసిన చొక్కా, అరచేతిలో పట్టేంత పసుపుపచ్చ పెట్టె. ఆ పెట్టెకి చిన్న తెర, నాలుగు మీటలు, కింద రెండు తీగలు. దాన్ని మా బల్ల మీద దేవుడి పటం పెట్టినంత భక్తిగా పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు.

"సార్, దీన్ని సెన్సర్ సిమ్యులేటర్ అంటారు. బండిలో సెన్సర్ పోయిందా, వైరు పోయిందా, మీటరు పోయిందా అని కొట్టుకుంటాం కదా. సెన్సర్ తీసేసి దాని చోట దీన్ని తగిలించి మీట నొక్కితే చాలు. ఇంజిన్ వేడెక్కకుండానే వేడెక్కిందని బండికి చెప్తుంది. కొత్త టెక్నాలజీ సార్. మన సైడు ఎవరూ చూసుండరు."

నాకు నవ్వొచ్చింది. నవ్వు వెనకాలే ఒళ్ళు మండింది. మన సైడు ఎవరూ చూడలేదట! తొంభైల్లోనే చోడవరంలో, అనకాపల్లి రోడ్డు పక్కన, గులాబీరంగు సబ్బుపెట్టెలో ఈ యంత్రం ఉండేది. దానికి తెర లేదు, మీటలు లేవు. పాత రేడియో నుంచి పీకిన వాల్యూం నాబు ఒకటి, నోరు తెరిచి కరిచే క్లిప్పులు రెండు. అంతే. ఊళ్ళో డ్రైవర్లందరూ దాన్ని బొంకుపెట్టె అనేవారు. దాన్ని చేసినావిడ బొంకుపెట్టె అప్ప. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆవిడకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అప్పా అనే పిలిచేవారు, భయం వల్ల కొంత, ప్రేమ వల్ల కొంత.

ఆవిడ పేరు నాకు తెలుసు. కానీ రాయను. ఎందుకు రాయనో ముందు అదే చెప్తాను.

షాపు పెట్టిన కొత్తలో బోర్డు రాయించింది. పెయింటరు "ఆటో ఎలక్ట్రికల్ వర్క్స్" అని ఎర్ర అక్షరాలతో బాగానే రాశాడు. కింద "ప్రొ:" అని రాసి, కుంచె గాల్లో పట్టుకుని ఆగాడు.

"మీ ఆయన పేరు సెప్పప్పా" అన్నాడు.

"ఇది ఆయన షాపు కాదు."

"పోనీ మీ తమ్ముడి పేరు సెప్పు."

"ఆడిదీ కాదు. నాది."

బళ్ళ షాపుకి ఆడమనిషి పేరు రాస్తే నలుగురూ నవ్వుతారని, బోణీ కూడా కాదని పెయింటరు నిచ్చెన మీద నుంచే నచ్చజెప్పబోయాడు. ఆవిడ నిచ్చెన పట్టుకుని ఒక్క ఊపు ఊపింది. "దిగు. ఆ జాగా కాళీగా ఒగ్గీ. ఎదురుగా నానుంటాను కదా, పేరెందుకు?" అంది. అలా "ప్రొ:" అన్న మాట తర్వాత ఖాళీ తెల్ల రేకు ఉండిపోయింది. తర్వాత చవగ్గా రాసిపెడతామన్నవాళ్ళు వచ్చారు. అప్పుడు కాదన్నది ఇప్పుడెందుకని ఆవిడ రాయించలేదు. నేనూ ఇక్కడ ఆ జాగా అలాగే వదిలేస్తున్నాను.

చీర మీద మగవాళ్ళ ఖాకీ చొక్కా వేసుకునేది. మా వైపు చెరుకు నరికే ఆడవాళ్ళు ఆకు కోసుకోకుండా చీర మీద చొక్కా తొడుక్కుంటారు, అందుకని ఎవరికీ వింతగా ఉండేది కాదు. ఈవిడ బ్యాటరీ యాసిడ్ పడకుండా వేసుకునేది. జడ కొసకి రిబ్బను బదులు కరెంటు తీగలకి చుట్టే నల్ల టేపు. చొక్కా జేబులో టెస్టరు, చుట్ట, బొంకుపెట్టె. ఆ జేబు బరువుకి చొక్కా ఎప్పుడూ ఒక పక్కకి లాగేసినట్టు ఉండేది.

చుట్ట సంగతి కూడా చెప్పాలి. ఆవిడ అడ్డపొగ తాగేది. అంటే నిప్పున్న కొస నోటి లోపల, చల్లటి కొస బయట. మా వైపు పెద్ద వయసు ఆడవాళ్ళు చాలామంది అలాగే తాగేవారు, ఈవిడ నడివయసులోనే మొదలుపెట్టింది. పెట్రోలు ట్యాంకు మీదకి వంగినప్పుడు కూడా నోట్లో చుట్ట ఉండేది. ఎవరైనా కంగారుపడి, "అప్పా, నిప్పు!" అంటే, "నిప్పు నా నోట్లో ఉంది. నీ ట్యాంకులో నేదు. నీకెందుకు బాద?" అనేది. మాటలు చుట్ట పక్కనించే వచ్చేవి, సగం పొగతో. చుట్ట నోట్లోంచి తీసి మాట్లాడిందంటే మాత్రం అందరూ సర్దుకుని నిలబడేవారు. అప్పుడు ఆవిడ చెప్పేది తమాషాకి కాదని అర్థం.

కొత్తగా వచ్చినవాళ్ళు షాపు ముందు బండి ఆపి, ఆవిణ్ణి దాటి లోపలికి తొంగిచూసేవారు.

"ఎలక్ట్రీషియన్ ఎక్కడ?"

ఆవిడ కూడా వెనక్కి తిరిగి, మెడ సాచి లోపలికి వాళ్ళతోపాటే చూసేది. "నానూ ఆడికోసమే సూస్తన్నాను బాబూ. షాపెట్టినకాడ్నించీ సూస్తన్నాను. ఈలోగా బానెట్టు ఎత్తు" అనేది. కొందరు ఎత్తేవారు. కొందరు బండి తిప్పుకుని వెళ్ళిపోయేవారు. వెళ్ళేవాళ్ళని పిలిచేది కాదు.

నేనప్పుడు చోడవరంలో ఒక ఓనరు దగ్గర తెల్ల డీజిల్ కారు తోలేవాణ్ణి. డిగ్రీ పరీక్ష తప్పి స్టీరింగు పట్టినవాణ్ణి కాబట్టి ప్రతిదానికీ ఇది ఎందుకు, అది ఎలా అని అడిగే జబ్బు ఉండేది. మిగతా మిస్త్రీలు విసుక్కునేవారు. ఆవిడ విసుక్కునేది గాని చెప్పేది.

ఇప్పుడు సెన్సర్ అంటున్నాం గాని అప్పట్లో మాకది ఇత్తడి బుడిపె. ఇంజిన్‌లో తిరిగే నీళ్ళలో ముక్కు ముంచుకుని కూర్చుంటుంది. నీళ్ళు ఎంత వేడెక్కాయో తీగ మీదుగా డ్రైవరు ముందున్న మీటరుకి చెప్తుంది. అక్కడ ముల్లు లేస్తుంది. ముల్లు లేవడం మానేస్తే తప్పు బుడిపెదా, తీగదా, ముల్లుదా? మామూలు మిస్త్రీలైతే బుడిపె మీది తీగ ఊడదీసి ఇంజిన్ ఒంటికి తాకించేవారు. చిటుక్కుమని నిప్పురవ్వ లేచేది, ముల్లు ఒక్కసారిగా చివరికి ఎగిరేది. ఆ పద్ధతి ఆవిడకి గిట్టేది కాదు. "మంటెట్టి సూస్తే మంటే కనపడతాది. మద్దిలో ఏటవుతందో ఎలగ తెలుస్తాది?" అనేది. ఒకటి రెండు మీటర్లు అలా కాలిపోయినవి మేకుకి వేలాడదీసి ఉంచింది, వచ్చినవాళ్ళకి చూపించడానికి.

బొంకుపెట్టె పద్ధతి వేరు. తీగని బుడిపె నుంచి ఊడదీసి సబ్బుపెట్టె క్లిప్పుకి తగిలించేది. రెండో క్లిప్పు ఇంజిన్ ఒంటికి. నాబు మెల్లగా తిప్పితే ముల్లు మెల్లగా లేవాలి, సగం తిప్పితే సగంలో ఆగాలి.

"బుడిపె కూకున్న కుర్సీలో నానెల్లి కూకుంటానన్నమాట" అని చెప్పింది నాకు మొదటిసారి. "కూకుని, ఇంజిన్ కాలిపోతందిరా బాబూ అని ఒక బొంకు బొంకుతాను. ముల్లు నమ్మిందనుకో, ముల్లు మంచిదే, తీగా మంచిదే. ఎవుడి కుర్సీలో కూకున్నానో ఆడిదే దొంగతనం."

ఇందులో ఆవిడకో నియమం ఉండేది. నాబు ఆవిడ తిప్పేది కాదు. బండి ఎవరిదో వాళ్ళే తిప్పాలి. "నువ్వే తిప్పు, నువ్వే సూడు. రేపు నా మీదడిపోకు" అనేది. రావికమతం నుంచి ఒక రైసుమిల్లు ఆయన జీపు తెచ్చాడు. మెడలో పులిగోరు, వేళ్ళనిండా ఉంగరాలు. ఆడది పెట్టె చేతికిచ్చి తిప్పమనడం ఆయనకి చిన్నతనంగా తోచింది. చేతులు కట్టుకుని, "పని నీది, నువ్వే సూసుకో" అన్నాడు. ఆవిడ క్లిప్పులు అలాగే ఉంచి, స్టూలు లాక్కుని, కేరేజీ విప్పి అన్నం తినడం మొదలుపెట్టింది. చింతకాయ పచ్చడి కలుపుకుని, ముద్ద ముద్దకీ ఆయన వైపు చూస్తూ తింది. ఆయన రోడ్డు ఆ చివరికీ ఈ చివరికీ నడిచాడు. చివరికి వచ్చి పెట్టె పట్టుకుని నాబు తిప్పాడు. ముల్లు లేచింది. ఆయన ఇంకోసారి తిప్పాడు. తర్వాత ఊరికే పైకీ కిందకీ తిప్పుతూ నిలబడ్డాడు, తిరనాళ్ళలో కొన్న బొమ్మ దొరికినట్టు. "ఇంకసాల్లే బాబూ, నాబు ఊడిపోతాది" అని ఆవిడే లాక్కోవాల్సి వచ్చింది.

ఇక నా సంగతి.

మా వైపు ఓనర్లకి ఒక అలవాటుండేది. డ్రైవరు పనిలో చేరిన రోజునే లైసెన్సు పుస్తకం తీసుకుని తమ దగ్గర పెట్టుకునేవారు. డ్రైవరు జేబులో జెరాక్స్ కాగితం. చెప్పకుండా మానేసి పోతాడని వాళ్ళ భయం. లైసెన్సు లేనివాణ్ణి ఇంకో ఓనరు తీసుకోడు కాబట్టి డ్రైవరు ముక్కుతాడు వాళ్ళ చేతిలో ఉండేది. నాదీ మా ఓనరు చొక్కా జేబులోనో, ఇనప్పెట్టెలోనో ఉండేది.

ఆ ఎండాకాలం ఓనరు బావమరిదిని దేవరాపల్లిలో దింపి ఖాళీ బండితో తిరిగి వస్తున్నాను. ముల్లు మామూలు కన్నా కొంచెం పైకే ఉంది. దాని మీద ఒక కన్నేసి తోలుతున్నాను. కాసేపటికి ముల్లు కిందకి దిగింది. హమ్మయ్య, గాలి తగిలి చల్లబడింది అనుకున్నాను. ఏ డ్రైవరైనా అదే అనుకుంటాడు. ఇంకొంత దూరం వచ్చేసరికి బానెట్టు సందుల్లోంచి కాలిన వాసన, పొగ. బండి ఒక్క కుదుపు కుదిపి ఇంజిన్ పట్టేసింది. ముల్లు మాత్రం అడుగున పడుకుని ఉంది.

ట్రాక్టరుకి కట్టి చోడవరం లాక్కొచ్చాం. టాక్సీ స్టాండు దగ్గరే ఓనరు ఎదురొచ్చాడు.

"రోడ్డు మీద ఏటి సూస్తన్నావురా? సినిమా పోస్టర్లా? ముల్లు నెత్తికెక్కేదాకా కళ్ళు మూసుకున్నావా?"

"ముల్లు లెగలేదండి" అన్నాను.

"లెగకుండా ఇంజిన్ కాలిపోద్దా? సేసిన తప్పుకి మళ్ళీ అబద్ధం ఒకటి! నీ లైసెన్సు ఇంక నీకు అక్కర్లేదు. చోడవరం నించి అనకాపల్లి దాకా ఎవడి స్టీరింగూ నువ్వు ముట్టుకోవు."

స్టాండులో డ్రైవర్లందరూ ఉన్నారు. అందరికీ వినపడేట్టే అన్నాడు. నాకు చదువు అబ్బలేదు, పొలం లేదు. చేతికొచ్చింది ఆ ఒక్క స్టీరింగే. అయినా రోషం చావలేదు. "బొంకుపెట్టె పెట్టించండి. అప్పుడు మాట్లాడండి" అన్నాను. ఆయన సై అన్నాడు. తనదే గెలుపని ఆయనకి అంత నమ్మకం.

బండిని ఆవిడ షాపు ముందుకి తోశాం. స్టాండంతా వెనకాలే వచ్చింది.

"ఈడు అబద్ధమాడతన్నాడో లేదో నీ పెట్టెతో తేల్చీ" అన్నాడు ఓనరు.

"నా పెట్టె ముల్లుని అడుగుతాది బాబూ, మనుసుల్ని కాదు" అంది ఆవిడ. అని, నా మొహమైనా చూడకుండా పనిలోకి దిగింది. ముందుగా తాళంచెవి తిప్పి మీటరుకి కరెంటు ఇచ్చింది. తీగ ఊడదీసింది, క్లిప్పులు తగిలించింది, పెట్టె ఓనరు చేతికిచ్చింది. "తిప్పండి."

ఓనరు తిప్పాడు. ముల్లు పెళ్ళికూతురిలా నెమ్మదిగా, బుద్ధిగా లేచింది. సగం తిప్పితే సగంలో ఆగింది. పూర్తిగా తిప్పితే ఎర్రగీత దాటింది. కిటికీలోంచి తొంగిచూస్తున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముల్లు మంచిదే, తీగ మంచిదే.

"ఇంక కుర్సీలోవోడే మిగిలేడు" అని, ఆవిడ పాన తెచ్చి బుడిపె విప్పింది. పక్క టీకొట్టులో టీ మరిగే స్టవ్వు, గిన్నె బండి దగ్గరకి తెప్పించింది. బుడిపె ఒంటికి ఒక తీగ చుట్టి బండికి కలిపింది, నెత్తిన మీటరు తీగ తగిలించింది, ముక్కు మరిగే నీళ్ళలో ముంచింది. అందరం ముల్లు వైపు చూశాం. లేవకూడదని నేను తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను.

ముల్లు లేచింది. టీకొట్టు అతనే ముందు "లెగిసింది" అన్నాడు, పాపం, నా వైపు చూడలేక గిన్నె వైపు చూస్తూ.

ముల్లూ మంచిదే, తీగా మంచిదే, బుడిపే మంచిదే. దొంగగా మిగిలింది నేనొక్కణ్ణే.

"ఇంకేటి? నీ పెట్టే సెప్పీసింది కదా" అన్నాడు ఓనరు. జేబులోంచి లైసెన్సు తీసి అరచేతి మీద కొట్టుకుంటూ నిలబడ్డాడు. స్టాండువాళ్ళు నెమ్మదిగా కదులుతున్నారు. వాళ్ళ తప్పేమీ లేదు, కళ్ళారా చూశారు. నిజం చెప్తున్నాను, ఒక క్షణం నాకే అనుమానం వచ్చింది, ముల్లు లేచిందేమో, నేనే చూడలేదేమో అని.

అప్పుడు ఆవిడ చుట్ట నోట్లోంచి తీసింది.

పెట్టె వైపు చూసింది, గిన్నె వైపు చూసింది. అక్కడితో చేతులు దులుపుకోవచ్చు. ఆవిడ పని అయిపోయింది, తేలాల్సింది తేలిపోయింది, ఓనరు ఊళ్ళో పలుకుబడి ఉన్నవాడు. కానీ చుట్టని షాపు గుమ్మానికి నలిపి ఆర్పి, వచ్చి నా ముందు నిలబడింది.

"ఒరే, నన్ను సూసి సెప్పు. నువ్వు ఏటి సూసేవు?"

"ముల్లు లెగలేదప్పా."

"లెగలేదంటే? ఉన్నకాడే ఉందా?"

"నేదు. పడిపోనాది. సగం కాడ ఉన్నాది కాస్తా అడుక్కెలిపోనాది. సల్లబడిందేమో అనుకున్నాను."

ఓనరు పగలబడి నవ్వాడు. "ఇన్నారా? ఇంజిన్ కాలిపోతంటే ముల్లు సల్లబడిందంట!" చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "పడిపోనాది" అని తనలో తను ఒకసారి అనుకుంది. బండి కిందకి దూరింది. లోపల చెయ్యిపెట్టి నీళ్ళ గొట్టం తడుముకుంటూ వెళ్ళింది. రేడియేటరు అడుగు గొట్టం దగ్గర చెయ్యి ఆగింది. ఆ గొట్టానికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఇనప తీగతో బిగించి ఉంది. దాని కింద గొట్టం పొట్ట చీలిపోయి ఉంది. చెయ్యి బయటికి తీస్తే పొడిగా ఉంది.

లేచి వచ్చి, మరిగే గిన్నెలోంచి బుడిపెని తీగ పట్టుకుని పైకి లాగింది. గాల్లో వేలాడదీసి, నోటితో ఉఫ్ ఉఫ్ అని ఊదింది.

ముల్లు దిగడం మొదలుపెట్టింది. మధ్యకొచ్చింది. ఇంకా దిగింది. అడుగుకి వెళ్ళి పడుకుంది.

టీ నీళ్ళు గిన్నెలో మరుగుతూనే ఉన్నాయి.

"సూసేరా?" అంది ఆవిడ. "నీల్లున్నంత సేపూ నీల్ల యేడి సెప్పింది. గొట్టం పగిలి నీల్లన్నీ రోడ్డు మీదడిపోయేక ఏటి సెప్తాది? గాలి సంగతి సెప్పింది. దానికి తెలిసింది అదే. ఈడూ తనకి కనపడిందే సెప్పేడు. ముంచండి బాబూ, మీరే ముంచండి, మీరే తియ్యండి." బుడిపెని ఓనరు వైపు చాపింది. ఆయన చెయ్యి చాపలేదు. స్టాండులో ఒక ముసలి డ్రైవరు ముందుకొచ్చి అందుకున్నాడు. ముంచాడు, తీశాడు, మళ్ళీ ముంచాడు. ముల్లు లేచింది, పడింది, లేచింది. ఆయన తల ఊపి, "ఆ గొట్టం మార్పించమని ఈడు మొన్న మా ముందే అడిగేడు కదండి. ట్యూబు సుట్టి ఈ సీజను లాగించీమన్నారు తమరు" అన్నాడు. చాలా నెమ్మదిగానే అన్నాడు గాని అందరికీ వినపడింది.

ఆవిడ సబ్బుపెట్టెని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈయాల నా పెట్టె ఈడిని ఉరితీసీసేది" అంది నలుగురి ముందూ. "ముందు ఈడిని అడగాల. తప్పు నాది." అలా ఒప్పుకోవడానికి ఆవిడకేమీ చిన్నతనం లేదు. వెంటనే ఓనరు వైపు తిరిగింది. "ఇంక లైసెన్సు ఇచ్చీండి."

"ఇదిగో, సావు" అని ఓనరు లైసెన్సుని నా కాళ్ళ ముందు బుగ్గిలోకి విసిరాడు.

నేను వంగబోయాను. ప్రాణం లాంటి వస్తువు కింద పడితే ఎవడైనా వంగుతాడు.

"ఒరే! ఒంగేవంటే నడ్డి ఇరగ్గొడతాను" అని అరిచింది. సగం వంగినవాణ్ణి అలాగే ఆగిపోయాను. ఆవిడ తిరిగి కారు దగ్గరకి వెళ్ళి, తాళంచెవి లాగి, తీసుకొచ్చి బొడ్డులో దోపుకుంది. స్టూలు వేసుకుని కూర్చుంది.

"కిందున్నదాని సంగతి నాకు తెల్దు. మీరు పుచ్చుకున్నప్పుడు ఆడి సేతిలోంచే కదా పుచ్చుకున్నారు. సేతికియ్యండి."

"తాళం ఇలా తే."

"సేతికియ్యండి."

ఆడది బొడ్డులో దోపుకున్న తాళం మీద చెయ్యి వెయ్యడానికి ఏ మగాడికీ ధైర్యం చాలదు, అందులోనూ స్టాండంతా చూస్తుండగా. ఓనరు మొహం జేవురించింది.

"ఈ జాగా ఎవరిదో తెలుసా నీకు? మా బావమరిదిది. రేపీపాటికి నీ బోర్డు ఇక్కడ ఉండదు."

ఆవిడ తలెత్తి బోర్డు వైపు చూసింది. "పేరే నేదు కదా బాబూ దాని మీద. ఏటి తీస్తారు?" అంది.

ఎండ మాడ్చేస్తోంది. ఒక్కరూ కదల్లేదు. ఇందాక వెళ్ళబోయినవాళ్ళు కూడా వెనక్కొచ్చి నిలబడ్డారు. ఆవిడ జేబులోంచి ఇంకో చుట్ట తీసి ముట్టించి, నిప్పు కొస నోట్లో పెట్టుకుని, ఎంతసేపైనా సరే అన్నట్టు రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. ఓనరు డ్రైవర్ల వైపు చూశాడు, ఎవరైనా ఒకరు తీసి ఇస్తారేమోనని. ముసలి డ్రైవరు బీడీ వెలిగించుకున్నాడు. టీకొట్టు అతను గిన్నెలోకి పంచదార వేశాడు.

చివరికి ఆయనే వంగాడు. లైసెన్సు తీశాడు. నా చేతిలో పెట్టాడు. చూపు మాత్రం పక్కకే ఉంది. ఆవిడ తాళంచెవి తీసి, చీర చెంగుతో తుడిచి, రెండు చేతులతో మర్యాదగా ఆయనకి ఇచ్చింది.

నాకు ఏడుపొచ్చింది. దణ్ణం పెట్టబోయాను. "నీకోసం కాదురా. నా పెట్టెకి అపకీర్తి వస్తాదని. పో, ఎవుడి బండైనా సూసుకో" అని కసిరింది.

ఓనరు అన్నంత పనీ చేశాడు. బోర్డు దింపించారు, షాపు ఖాళీ చేయించారు. ఆవిడ రోడ్డుకి అవతలి పక్క నీలం పట్టా కట్టుకుని కూర్చుంది. ఈసారి బోర్డే లేదు. రోడ్డు దాటడం పెద్ద కష్టమేమీ కాదని స్టాండులో బళ్ళన్నీ అక్కడికే వెళ్ళేవి. ఒక్కటే మారింది. అప్పటినుంచి క్లిప్పు తగిలించే ముందు ఓనర్ని టీకొట్టుకి పంపేసేది. డ్రైవర్ని ఎదురుగా నిలబెట్టి, "నువ్వు ఏటి సూసేవు?" అని అడిగేది. తర్వాతే సబ్బుపెట్టె జేబులోంచి బయటికొచ్చేది. నాబు మాత్రం ఓనరు వచ్చి తిప్పాల్సిందే.

మా షెడ్డులో బల్ల మీద పసుపు పెట్టె పెట్టుకుని సేల్స్‌మన్ ఇంకా చెప్తూనే ఉన్నాడు. నేను ఆపాను. "అన్నీ బాగున్నాయి గాని, గొట్టం పగిలి నీళ్ళు పోయాయని చెప్పే మీట ఏది?"

అతను పెట్టె తిప్పి చూశాడు. "అది ఉండదు సార్. అది మనమే చూసుకోవాలి."

"డ్రైవర్ని అడగాలి" అన్నాను.

"మీరు ట్రైనింగ్ ఎక్కడ అయ్యారు సార్?"

"చోడవరంలో. బోర్డు మీద పేరుండదు."

అతను వెళ్ళాక మనసాగక చోడవరం టీకొట్టు అతనికి ఫోన్ చేశాను. అప్ప ఎలా ఉందని అడిగాను. "ఎలిపోనాది బాబూ. నోట్లో పుండు. విశాపట్నం ఆసుపత్రిలో ఏసేం, దక్కనేదు" అన్నాడు. చుట్ట మానెయ్యమంటే మానలేదట. డాక్టర్లు రిపోర్టులు చేతులు మార్చుకుని చూసుకుంటుంటే మంచం మీద లేచి కూర్చుని, "కాయితాల్ని తరవాత అడుగుదురు గాని. ముందు నన్నడగండి, ఎక్కడ నొప్పో నాను సెప్తాను" అని గదమాయించిందట. మాట స్పష్టంగా రావడం లేదు, అయినా గదమాయించిందట. నర్సులు నవ్వారట. టీకొట్టు అతను ఏడుస్తూ చెప్పాడు. నాకు మాత్రం ఏడుపు రాలేదు. గర్వంగా అనిపించింది, ఆ తర్వాత చాలా కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

ఇప్పుడు మా షెడ్డుకి బండి వస్తే ఓనర్లు ముందుగా టీ తాగడానికి వెళ్ళాలి. కొందరికి నచ్చదు. నచ్చనివాళ్ళకి గేటు ఎటుందో చూపిస్తాను.

నా పాత లైసెన్సు పుస్తకం చెల్లిపోయి చాలా కాలమైంది. ఇప్పుడంతా ప్లాస్టిక్ కార్డులు. అయినా ఆ పుస్తకం నా బల్ల సొరుగులోనే ఉంది. అట్ట మడతలో చోడవరం బుగ్గి ఇంకా అంటుకుని ఉంది, తుడవలేదు. ఎప్పుడైనా ఎవరైనా చూసి ఆ మట్టేమిటని అడిగితే, కింద పడిందని చెప్తాను. నేను వంగి తీసుకోలేదని కూడా చెప్తాను.